పిల్లుల బాడీ బెల్టుల అమ్మకం ఆపేశాం: మా కస్టమర్లకు ఒక వివరణ

మా దుకాణంలో ప్రస్తుతానికి పిల్లుల బాడీ బెల్టులు, అంటే పిల్లిని బయట నడిపించేటప్పుడు ఛాతీ చుట్టూ కట్టే పట్టీలు, దొరకవు. దీపావళి తరువాత మా దగ్గర కొన్న బెల్టు మీ ఇంట్లో ఉంటే దయచేసి దానితో పిల్లిని గడప దాటించకండి. దుకాణానికి తెచ్చివ్వండి. రసీదు లేకపోయినా పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాను.

జరిగింది చెబుతాను. రామ్‌నగర్‌లో ఉండే ఒక టీచరమ్మ రోజూ పొద్దున్నే తన పిల్లిని వీధి చివరిదాకా నడిపిస్తారు. మొన్న ఒక వీధికుక్క గేటు పక్కనుంచి ఒక్కసారిగా మొరిగింది. పిల్లి బెదిరి వెనక్కి వెనక్కి జరిగింది. ఛాతీ పట్టీ వదులై, ముందు తల, ఆ వెంటనే భుజాలు బయటికి వచ్చేశాయి. పిల్లి వేపచెట్టెక్కి, చీకటిపడ్డాక గాని దిగలేదట. దెబ్బలేమీ తగల్లేదు. ఆమె నన్ను పల్లెత్తు మాట అనకుండా ఆ ఖాళీ బెల్టు తెచ్చి కౌంటరు మీద పెట్టారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ బెల్టును పాతదాని పక్కన పెట్టి చూశాను. రంగు అదే, అట్టపెట్టె అదే, ధర అదే. కాని పట్టీ పొడవు సరిచేసే స్లైడర్ ఇంతకుముందు స్టీలుది, ఇప్పుడు నున్నటి ప్లాస్టిక్‌ది. పట్టీ కూడా పలచబడింది. రెండు చేతులతో లాగితే స్లైడర్‌లోంచి జారిపోతోంది.

కుక్కకు ఇదే లోపం ఉన్న బెల్టు వేస్తే కొన్నాళ్లు బయటపడకపోవచ్చు. కుక్క ఎక్కువగా ముందుకు లాగుతుంది. పిల్లి భయపడితే వెనక్కి జారుతుంది. పైగా మన మెడకింది ఎముక భుజానికి గట్టిగా అతుక్కుని ఉంటుంది కాని, పిల్లిలో ఆ ఎముక కండరాల మధ్య ఒక చిన్న ముక్కలా వేలాడుతూ ఉంటుంది. అందుకే తల దూరిన సందులోంచి అది భుజాలు కూడా దూర్చేయగలదు. మీరు విసుక్కున్నా వినకుండా ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచేది, పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లకు మించి పట్టకూడదని పట్టుబట్టేది ఇందుకే. దుకాణంలో రెండు వేళ్లకు బిగించిన పట్టీ వీధిలో వదులైపోతే నేను తీసిన కొలతకు విలువేముంది?

సరుకు పంపే ఆయనకు ఫోన్ చేశాను. ఆయనతో ఏళ్ల వ్యాపారం. ధర పెంచడం ఇష్టంలేక స్లైడర్ మార్చామని, అది చెప్పాల్సినంత విషయమని అనుకోలేదని అన్నారు. బదులుగా పంపుతామన్నవీ అవే ప్లాస్టిక్ స్లైడర్లవి. చివరికి ఇలా అన్నారు: “అనంతపురంలో పిల్లికి తాడుకట్టి తిప్పేవాళ్లెంతమంది ఉంటారండీ? ఫొటోల కోసమే కదా కొనేది!”

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. బెల్టు వేయగానే నేలకు కరుచుకుని కదలని పిల్లిని ఓపిగ్గా, తిండి గిన్నె పక్కన బెల్టు పెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టి నడిపించినవాళ్లు మీరు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో కిటికీ తప్ప ఏమీ ఎరగని పిల్లికి మట్టివాసన చూపించినవాళ్లు మీరు. మిమ్మల్ని ఫొటోలవాళ్లు అన్న మనిషి దగ్గర నేనిక పిల్లి ఇసుక (ఇంట్లో పిల్లి మలమూత్రాలకు పెట్టేది) కూడా కొనను. అందువల్ల ఈ నెల ఇసుక ధర కొంత పెరుగుతుంది, తప్పదు.

అసలు నన్ను నిద్రపోనివ్వని విషయం వేరే ఉంది. మన ఊళ్లో పిల్లికి బయట నడక అలవాటు చేయాలంటే కార్తీకం నుంచి మాఘం దాకానే వీలు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. ఆ తరువాత ఎండలు ముదిరి నలభై డిగ్రీలు దాటితే తారురోడ్డు మీద మన అరచేయే ఆనదు, పిల్లి పాదాల సంగతి చెప్పనక్కర్లేదు. బెల్టులు అమ్ముడయ్యేదీ ఈ నెలల్లోనే. ఇప్పుడు ఖాళీ అర పెట్టుకుని కూర్చోవడమా, దొరికిన సరుకు తెచ్చి నింపడమా? వేరే డీలర్ల నమూనాలు తెప్పించి, పట్టీ పట్టుకుని లాగి చూశాను. కొన్ని జారాయి, కొన్నింటికి కుట్టు వీడింది. “కాస్త తక్కువ రకమైనా తెప్పిద్దాం అక్కా, అద్దె కట్టాలి కదా” అంది మా చెల్లెలు. లెక్కల పుస్తకం చూసేది తనే, తన మాటలో న్యాయం ఉంది. అయినా నా మనసు ఒప్పలేదు. ఈ సీజన్ పోయినా సరే, అర ఖాళీగానే ఉంటుంది.

రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఒక యూనిట్‌లో కటింగ్ మాస్టర్‌తో మాట్లాడాను. జీన్స్ జేబు మూలల్లో, బెల్టు లూపుల దగ్గర దగ్గరదగ్గరగా అడ్డంగా పడే గట్టి కుట్టును వాళ్లు బార్‌టాక్ అంటారు. పట్టీలు కలిసే ప్రతిచోటా, లీష్ (మనం పట్టుకుని నడిపించే తాడు) తగిలించే రింగు కింద అదే కుట్టు వేయిస్తున్నాను. స్లైడర్లు స్టీలువే. ధర ఇదివరకటి 550 రూపాయల నుంచి 800 అవుతుంది. బేరం వద్దు. ఎప్పటికి వస్తాయో ఇప్పుడే చెప్పను. లాగి చూసి నాకు నమ్మకం కుదిరాకే అమ్ముతాను.

అప్పటిదాకా పాత స్టీలు స్లైడర్ బెల్టులున్నవాళ్లు నిశ్చింతగా వాడుకోండి, బయలుదేరే ముందు ఒకసారి గట్టిగా లాగి చూసుకోండి. లేనివాళ్లు మెడపట్టీకి లీష్ కట్టకండి, గొంతు నొక్కుకుంటుంది. కుక్కపిల్ల బెల్టుతో సరిపెట్టకండి. నడక నేర్చుకుంటూ మధ్యలో ఆగిన పిల్లి అంతా మరచిపోతుందని బెంగపడనక్కర్లేదు. డబ్బు వెనక్కి వద్దనుకుంటే, తెచ్చివ్వాల్సిన బెల్టునే ఇంకొన్నాళ్లు ఉంచుకుని, తలుపులు మూసిన ఇంట్లో రోజూ కాసేపు వేసి, ఏదైనా ఇష్టమైనది తినిపించి తీసేయండి. కొత్తది వచ్చిన రోజున మార్చి ఇస్తాను, తేడా 250 మీరు కట్టక్కర్లేదు.

ఆదివారం ఉదయం దుకాణం వెనక ప్రహరీ లోపల నడక మామూలుగానే ఉంటుంది. పిల్లిని బుట్టలో పెట్టుకునే రండి. తనంతట తాను గుమ్మం దాటడం అలవాటైతే తలుపు తీసినప్పుడల్లా బయటికి ఉరుకుతుంది. రేబిస్ టీకా కార్డు మరవకండి. గేటు దగ్గర మీ బెల్టు స్లైడర్ నేనే చూస్తాను, ప్లాస్టిక్‌ది అయితే ఎంత పాత కస్టమరైనా లోపలికి పంపను.