బరంపురం ఐటీఐలో ఒక నికెల్ తొట్టి పెట్టించండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

ఒడిశా నైపుణ్యాభివృద్ధి, సాంకేతిక విద్యా శాఖ మంత్రిగారికి,

అయ్యా, నమస్కారం.

బరంపురం బడా బజార్ దగ్గర సందులో గడియారాలు బాగుచేసే దుకాణం నాది. తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం మాది. ఈ లేఖను ఒడియాలో మీ ఆఫీసుకు పోస్టులో పంపాను. ఇచ్ఛాపురానికి అటూ ఇటూ ఉన్న మావాళ్లు కూడా చదివి మాట కలపాలని తెలుగులో ఇక్కడ పెడుతున్నాను. అడిగేది ఒక్కటే. పెళుసుగా ఉండే చిన్న భాగాలను కరెంటుతో లోహం పెంచి అతికించే పని నేర్పడానికి బరంపురం ప్రభుత్వ ఐటీఐలో ఒక చిన్న ల్యాబ్ పెట్టించండి.

ఎందుకో చెబుతాను. మెకానికల్ వాచీ టైము సరిగ్గా చూపించాలంటే అందులోని హెయిర్‌స్ప్రింగ్, అంటే వెంట్రుకలా సన్నగా చుట్టుకుని ఉండే స్ప్రింగు, సరిగ్గా ఊగాలి. చాలాకాలం దాన్ని లోహంతోనే చేశారు. 2001లో యులిస్ నార్డిన్ కంపెనీ ‘ఫ్రీక్’ వాచీలో సిలికాన్ (కంప్యూటర్ చిప్పులు చేసే పదార్థం) చక్రాలు వాడింది. 2006లో పటేక్ ఫిలిప్ సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్ తెచ్చింది. సిలికాన్‌కు అయస్కాంతం అంటదు, ఉక్కు బరువులో మూడో వంతు కూడా ఉండదు. ఇన్ని మంచి గుణాలున్నా పెళుసుదనం ఒక్కటే దాని చిక్కు. స్ప్రింగు నడిమి భాగాన్ని ఉక్కు ఇరుసుకు బిగించాలి కదా. లోహమైతే నొక్కి ఎక్కిస్తాం, అది కాస్త సాగి ఇరుసును పట్టుకుంటుంది. సిలికాన్ సాగదు. ఇరుకు మట్టి గాజును చేతికి బలవంతంగా ఎక్కిస్తే ఏమవుతుందో ఇదీ అంతే. జిగురు పెడితే కాలం గడిచేకొద్దీ పట్టు సడలుతుంది. టంకం పెడదామంటే వేడి సమస్య.

అందుకే స్విట్జర్లాండ్ వాచీ పరిశ్రమ ఎలక్ట్రోప్లేటింగ్ (ద్రావణంలో కరెంటుతో లోహపు పూత పెంచడం) వైపు చూసింది. స్ప్రింగు రంధ్రాన్ని ఇరుసు కంటే కాస్త పెద్దగా ఉంచి, రెంటినీ వదులుగా, నొక్కకుండా కూర్చుతారు. కరెంటు అంది లోహం పట్టేలా రంధ్రం గోడకు ముందే పలచని బంగారు పొర ఉంటుంది. మిగతా చోట్ల లోహం పట్టకుండా కప్పేస్తారు. ఆ జతను నికెల్ ద్రావణంలో ముంచి కరెంటు ఇస్తే సందులో లోహం మెల్లగా పెరిగి రెంటినీ కలుపుతుంది. సుత్తి దెబ్బ లేదు, మంట లేదు. చదరపు డెసిమీటరుకు 1 ఆంపియర్ చొప్పున కరెంటు ఇస్తే నికెల్ గంటకు సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. వెంట్రుక మందంలో ఐదో ఆరో వంతు సందు గంటలో పూడుతుందన్నమాట.

చెప్పినంత తేలిక కాదు, నేర్పాలని అడుగుతున్నది అందుకే. పేరుకునే నికెల్ తనలో తానే బిగుసుకుంటుంది. ఆ లోపలి ఒత్తిడి ఎక్కువైతే, మనం నొక్కకపోయినా, సిలికాన్‌ను ఆ పూతే పగలగొడుతుంది. తొందరపడి కరెంటు పెంచితే హైడ్రోజన్ బుడగలు పుట్టి పూతలో గుంటలు పడతాయి. ఒత్తిడి తక్కువ ఉండాలంటే నికెల్ సల్ఫమేట్ ద్రావణం వాడాలి. దాన్ని 50 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచాలి, పీహెచ్ (ద్రావణం పులుపును చెప్పే కొలత) 4 దగ్గర కాపాడాలి, రోజూ వడకట్టాలి. తీపి కోసం వాడే శాకరిన్‌ను చిటికెడు కలిపినా ఒత్తిడి దిగుతుంది. మోతాదు మించితే పూతలోకి గంధకం చేరి అదీ పెళుసవుతుంది. ఇంకో సంగతి, మామూలు నికెల్‌ను అయస్కాంతం లాగుతుంది. అయస్కాంతం అంటని స్ప్రింగు పక్కన దాన్ని పెడితే ఏం లాభం? అందుకని ఫాస్ఫరస్ బాగా కలిసిన నికెల్‌నో, బంగారాన్నో ఎంచుకోవాలి. ఇవన్నీ పుస్తకంలో చదివితే సగమే వస్తాయి. తొట్టి పక్కన నిలబడి, పూత రంగు చూసి, హల్ సెల్ అనే చిన్న పరీక్ష తొట్టిలో రేకు ముంచి పరీక్షించి నేర్చుకోవాలి.

ఈ మాట ఒక ఆఫీసులో చెబితే ‘అది స్విట్జర్లాండ్ పని, మన పిల్లలకు ఎందుకు’ అన్నారు. నాకు చాలా బాధేసింది. బెల్లగుంఠలో కంసాలులు ఇత్తడి ముక్కలు కూర్చి, ఒళ్లు వంచే చేప చేస్తారు. అది మన గంజాం జిల్లాలోనే కదా. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ గురించి ఏ తెలుగింట్లో అడిగినా చెబుతారు. చేతి నైపుణ్యం ఉన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. అలాంటి కుర్రాళ్లే బస్సులకీ రైళ్లకీ ఎక్కి సూరత్ మగ్గాల దగ్గరకు పోతున్నారు. నా దగ్గర చిమటా (చిన్న పట్టకారు) పట్టడం నేర్చినవాళ్లలో మంచి చేయి ఉన్నవాళ్లు కూడా అక్కడే తేలారు. వాళ్లను తప్పుపట్టను, ఇక్కడ జీతం ఏది?

వాచీల కోసమే అడుగుతున్నానని అనుకోకండి. 1961లో బెంగళూరులో సిటిజన్ సాయంతో మొదలైన హెచ్ఎంటీ వాచీల తయారీని 2016లో మూసెయ్యడానికి కేంద్రం ఒప్పుకుంది. అలాంటి పెద్ద ఫ్యాక్టరీ మా ఊరికి వస్తుందని నేను ఆశపెట్టుకోలేదు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మన రాష్ట్రానికి రెండు సెమీకండక్టర్ ప్రాజెక్టులు ఒప్పుకుంది. అందులో ఒకటి గాజు పలకల మీద చిప్పుల ప్యాకేజింగ్ చేసేది. ఆ రకం గాజు పలకల్లో వేసే సన్నని రంధ్రాలను రాగితో నింపేది ఎలక్ట్రోప్లేటింగ్‌తోనే. లోహం వేరైనా పెళుసు వస్తువుకు పగులు రాకుండా లోహం పట్టించే పని అదే. భువనేశ్వర్‌లో ఆ ఉద్యోగాలు వచ్చే నాటికి మా పిల్లలు చేతులు ఊపుకుంటూ వెళ్లాలా?

ఖర్చు భయపడేంత ఉండదు. వేడి చేసే తొట్టి, ఫిల్టరు పంపు, తొట్టికి కావలసిన డీసీ కరెంటును సన్నగా సర్ది ఇచ్చే రెక్టిఫయర్, పీహెచ్ మీటరు, మంచి మైక్రోస్కోపు కావాలి. ఖరీదైన సిలికాన్ స్ప్రింగులు కొననక్కర్లేదు. మైక్రోస్కోపు స్లైడు మీద పెట్టే పలచని గాజు ముక్కలు, ఇత్తడి కడ్డీలు అభ్యాసానికి చాలు. బంగారు పొర వేయించడానికి మన ఊళ్లోనే ఉన్న ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా, పరిశోధన సంస్థ) సాయం అడగండి. మాస్టర్లను కొన్నాళ్లు కారైకుడిలోని కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థకు పంపండి. ఐటీఐల జాబితాలో ఎలక్ట్రోప్లేటర్ ట్రేడు ఎప్పటినుంచో ఉంది, దానికే ఈ పాఠం జోడించవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. నికెల్ నీళ్లు డ్రైనేజీలోకి వదలకూడదు. బయటకు పోయే నీటిలో నికెల్ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదని కేంద్ర నిబంధన ఉంది. క్షారం కలిపి నికెల్‌ను మడ్డిగా దించే తొట్టి మొదటి రోజు నుంచే పనిచేయాలి. అది లేకుండా ల్యాబ్ తెరిస్తే మేమే అడ్డుపడతాం. ఋషికుల్య ముఖద్వారంలో తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం మాకు దగ్గరే. నికెల్‌తో చర్మానికి దద్దుర్లు వస్తాయి కాబట్టి గ్లవ్స్, గాలి లాగే ఫ్యాన్లు కూడా లెక్కలో వేయండి.

పాఠాలు ఒడియాలో చెప్పండి, నోట్సు తెలుగులో కూడా ఇవ్వండి. ఆడపిల్లలకు సీట్లు కేటాయించండి. చిమటాతో చిన్న భాగాలు పట్టడం, ఐగ్లాసు (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టుకుని కూర్చడం నేర్పడానికి వారంలో రెండు సాయంత్రాలు జీతం లేకుండా వస్తాను. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనల్లో ఈ ల్యాబ్ పేరు చేర్చారో లేదో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక వాచీ మెకానిక్