నిలబడ్డవాళ్లకేనా పేర్లు?

సంపాదకులకు నమస్కారం.

నేను అమలాపురంలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. చిన్నప్పుడే పోలియో వచ్చింది. కాలికి ఆసరాగా కట్టుకునే కాలిపర్ వేసుకుని, చంకకర్రతో నడుస్తాను.

ఏటా డిసెంబరు 3న ప్రపంచ వికలాంగుల దినోత్సవం జరుపుతారు. మర్నాడు జిల్లా పేజీలో ఎలాంటి ఫొటో పడుతుందో నాకు ముందే తెలుసు. పెద్దలు వరసగా నిలబడి ఉంటారు. వాళ్ల ముందు కొత్త ట్రైసైకిల్ మీద ఒకరు కూర్చుని ఉంటారు. నిలబడ్డవాళ్లందరి పేర్లూ, హోదాలూ ఫొటో కింద ఉంటాయి. కూర్చున్న మనిషి పేరు మాత్రం ఉండదు.

కెమెరా నిలబడ్డవాళ్ల కంటి ఎత్తులో ఉంటే కూర్చున్నవాళ్లు తలెత్తి చూడాలి. అలా తీస్తే ఎవరైనా దేనికో చేయి చాస్తున్నట్టే కనపడతారు. ఫొటోగ్రాఫర్ మోకాలు వంచి కిందకి దిగితే అదే మనిషి సూటిగా చూస్తారు. పీటల మీద ఉన్న పెళ్లికొడుకునీ పెళ్లికూతురునీ తీసేటప్పుడు మేమంతా చేసేది అదే కదా!

మా స్టూడియోకి వచ్చే కుటుంబాలది ఇంకో తీరు. గ్రూప్ ఫొటో అనగానే వీల్‌చైర్‌లో ఉన్న అమ్మాయిని ఎత్తి మామూలు కుర్చీలో కూర్చోబెడతారు. "వీల్‌చైర్ ఫొటోలో పడకూడదండీ" అంటారు. ఆ మామూలు కుర్చీలో నడుముకి ఆసరా లేక పిల్ల పక్కకి ఒరిగిపోతుంటే వెనక నుంచి ఎవరో పట్టుకుంటారు. నేను ముందు ఆ అమ్మాయినే అడుగుతాను, ఎందులో కూర్చుంటావమ్మా అని. ఎక్కువమంది తమ వీల్‌చైరే కావాలంటారు. వద్దనేవాళ్లూ ఉంటారు, అది వాళ్లిష్టం. ఇంటివాళ్లు బండిని దాచేస్తారు, పేపర్లో బండి తప్ప ఇంకేమీ చూపించరు. రెండు చోట్లా ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగరు.

వికలాంగుల సర్టిఫికెట్ ఫొటోకి వచ్చేవాళ్లు ఇప్పటికీ "కాలు కనపడాలండీ" అంటూ పంచె పైకి లాగుతారు. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల్లో సర్టిఫికెట్ నమూనా ఉంది. ముఖం మాత్రమే కనిపించే పాస్‌పోర్ట్ సైజు ఫొటో అంటించాలని దాని మీదే రాసి ఉంది. ఆ సంగతి చెప్పి, కాలర్ సరిచేసి, ముఖమే తీస్తాను. నా పాత సర్టిఫికెట్ మీద మాత్రం ముఖం కన్నా కాలిపరే పెద్దగా కనపడుతుంది.

2024 జూలైలో సుప్రీంకోర్టు, తెర మీద వికలాంగులను చూపించే తీరుపై మార్గదర్శకాలు ఇచ్చింది. మా గురించి చేసే పనిలో మమ్మల్నీ కలుపుకోవాలన్నది వాటిలో ఒకటి. అది సినిమా మీద వేసిన కేసులో వచ్చిన తీర్పే. పత్రిక ఫొటోకి కూడా ఆ మాటే వర్తించాలని నా కోరిక.

గోదావరికి వరదొచ్చి లంకలు మునిగినప్పుడు, నడవలేనివాళ్లను ఎత్తుకుని పడవ ఎక్కించే ఫొటోలు వేస్తారు. వేయొద్దని నేననను. రేవులో ర్యాంపు లేదన్న సంగతి వాటిలోనే బయటపడుతుంది. అయితే ఎత్తుకున్నవారి పేరుతో పాటు ఆ నడవలేని మనిషి పేరూ అడిగి రాయండి. ర్యాంపు గురించి కూడా ఆయన్నే అడగండి.

అంబాజీపేటలో కొబ్బరికాయల లెక్కలు రాసే గుమస్తా ఒకాయన నాకు తెలుసు. కర్ర గోడకి ఆనించి పొద్దస్తమానం పని చేసుకుంటారు. కొబ్బరి ధర పడిపోయిందని వార్త రాసేటప్పుడు ఆయన్ని కూడా అడగండి, ఒప్పుకుంటే ఫొటో తీయండి. ఫ్రేములో కర్ర పడినా ఫరవాలేదు, పడకపోయినా ఫరవాలేదు.

– ఒక ఫొటోగ్రాఫర్, అమలాపురం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా