పశువుల ఆసుపత్రి వరండాలో కలిసిన పెద్దాయనకు

అజిలిటీ పోటీల్లో (కుక్కలు అడ్డంకులు దాటుతూ పరుగెత్తే పోటీలు) పరుగెత్తే మా లాబ్రడార్‌కి వెనక కాలి మడమ టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) తెగి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు పలకరించింది మీరే. "నడుస్తోంది కదా అని వదిలేయకండి, కుట్టిన టెండన్‌కి ఆరు వారాలకు పాత బలంలో సగం పైచిలుకే వస్తుంది, ఏడాదికీ పూర్తిగా రాదు" అన్నారు. డాక్టరు గారు ప్లాన్ రాసిచ్చారు గానీ, పొట్ట కింద తువ్వాలు వేసి ఎలా పట్టుకోవాలో చేసి చూపించింది మీరు. పొట్టి తాడుతో ఐదు నిమిషాల నడక, నున్నటి టైల్స్ మీద పట్టాలు. మెట్లు, సోఫా, బంతి అన్నీ బంద్ (బంతి దాచడమే కష్టమైంది!). నిలబడినప్పుడు మడమ కిందికి దిగిపోతోందేమో రోజూ పక్కనుంచి చూడమన్నారు. ఆ మాటతో సగం టెన్షన్ పోయింది. ఇప్పుడు కుంటకుండా నడుస్తోంది. పోటీల సంగతి తర్వాత. మీ పేరు తెలియదు, చాలా థాంక్స్ అండీ.