సన్న లిట్టర్ స్టాక్ ఎందుకు లేదని అడుగుతున్నవాళ్లకి

మన దగ్గర నెలనెలా పిల్లి లిట్టర్, అంటే పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్లే బాక్సులో పోసే గింజలు, తీసుకునేవాళ్లందరికీ నమస్తే. "సన్న లిట్టర్ ఎప్పుడొస్తుందండీ" అని రోజూ ఫోన్లు, మెసేజ్‌లు. ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పుకుంటూ పోతే గొంతు పోయేలా ఉంది, అందుకని అందరికీ కలిపి రాసేస్తున్నా. స్టాక్ రాక కాదు. వచ్చింది, బండి నిండా వచ్చింది. నేనే తిప్పి పంపేశాను.

మనం అమ్మేది ఏ సెంటూ కలపని, తడి తగిలితే గడ్డ కట్టే బెంటోనైట్ అనే మట్టి లిట్టర్ అని మీకు తెలుసు. షాపు పెట్టినప్పటి నుంచీ ఒకే సప్లయర్. ఈసారి కూడా అదే బస్తా, అదే ప్రింట్, అదే కుట్టు, కానీ దారం లాగి మూతి విప్పగానే గుప్పుమని లావెండర్ వాసన కొట్టింది. బస్తా మీద ఎక్కడా ఆ మాట లేదు. గుప్పెడు తీసి చూస్తే గింజ కూడా వేరే, పాతది ముదురు బూడిద రంగు, ఇది తెల్లగా ఉంది, వేళ్ల మధ్య నలిపితే పౌడర్ అయిపోతోంది.

కొత్త లోడ్ దిగితే నేను చేసే పరీక్ష ఒకటి ఉంది, మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. ఒక గిన్నెలో నాలుగు వేళ్ల లోతు లిట్టర్ పోసి, ఒకే చోట టీ కప్పులో సగం నీళ్లు మెల్లగా ఒంపి, కాసేపు వదిలేసి, అప్పుడు స్కూప్ (గడ్డలు తీసే సందుల గరిట) కింద నుంచి పెట్టి లేపాలి. మంచి సరుకైతే గడ్డ మొత్తం ఒకే ముక్కగా లేస్తుంది, మోకాలి ఎత్తు నుంచి నేల మీద వదిలినా పెద్దగా పగలదు. ఈ బస్తాలోది పైకి గట్టిగానే కనపడింది, స్కూప్ పెట్టగానే సగం విడిపోయింది, మిగతా సగం గిన్నె అడుగున బురదై అతుక్కుపోయింది, గోకుతుంటే స్కూప్ సందుల్లోంచి జారిపోతోంది. ఇంకో బస్తా విప్పాను, ఇంకోటి విప్పాను, అంతా అదే.

బెంటోనైట్‌లో సోడియం రకం, కాల్షియం రకం అని ఉంటాయి. సోడియం రకం నీళ్లు తగిలితే తన సైజుకి పది రెట్లకి పైగా ఉబ్బి పక్క గింజల్ని పట్టేసుకుంటుంది, గడ్డ కట్టేది అందుకే. కాల్షియం రకం నీళ్లు పీలుస్తుంది గానీ అంతగా ఉబ్బదు, పట్టు ఉండదు. ఈ బస్తాల్లో ఏం కలిపారని సప్లయర్‌ని అడిగితే ఆయన చెప్పిన సమాధానం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. "మట్టి మట్టే కదా మేడమ్, ఇంకెవరూ కంప్లయింట్ చేయలేదే, పైగా ఈసారి సెంటు ఫ్రీగా వేయించాం, మీ కస్టమర్లు సంతోషిస్తారు" అన్నాడు. మట్టి మట్టే అయితే, 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లో అనే ఆయన బూడిదకి, ఇసుకకి బదులు మట్టి గింజలు అమ్మడం మొదలుపెట్టాక, గడ్డ కట్టే రకం రావడానికి 1980ల దాకా ఎందుకు పట్టిందో ఆయన్నే అడగాలనిపించింది. అడగలేదు. అడిగినా అర్థమయ్యే మనిషి కాదు.

అసలు సెంటు ఎందుకు వేశారో మీకు అర్థమయ్యే ఉంటుంది. గడ్డ సరిగ్గా కట్టదు, యూరిన్ బాక్సులోనే ఉండిపోతుంది, కంపు వస్తుంది, దాన్ని కప్పడానికి లావెండర్. చెమట చొక్కా మీద సెంటు కొట్టుకున్నట్టు.

కంపు ఎలా పుడుతుందో కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే నా మొండితనం కూడా అర్థమవుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆరోగ్యమైన పిల్లి అప్పుడే పోసిన యూరిన్ అంత ఘాటుగా ఏమీ ఉండదు. అందులో యూరియా ఉంటుంది, బాక్టీరియా దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి, కళ్లు మండించేది ఆ అమ్మోనియా. దానికి టైమ్ పడుతుంది కాబట్టి ఆ లోపే గడ్డని మొత్తంగా తీసేస్తే అమ్మోనియా తయారయ్యే ఛాన్సే ఉండదు, గడ్డ విరిగి చూరంతా బాక్సులో ఉండిపోతే మాత్రం మీరు పొద్దునా సాయంత్రం స్కూప్ చేసినా లాభం లేదు, తీసింది సగమే. అంటే కంపుకి మందు గట్టి గడ్డే, సెంటు కాదు. ఆపరేషన్ చేయించని మగ పిల్లుల సంగతి వేరే, వాటి యూరిన్‌లో ఫెలినైన్ అనేది ఎక్కువగా ఉంటుంది, అది విరిగి గంధకం ఉన్న పదార్థాలు పుడతాయి, అక్కడ ఏ లిట్టరూ పెద్దగా చేసేదేమీ లేదు, వెట్ దగ్గరికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించడమే.

ఇంకో సంగతి, సెంటు వాసన మనం నిలబడి దూరం నుంచి పీలుస్తాం, పిల్లి అందులో నాలుగు కాళ్లతో నిలబడి ముక్కు పెట్టి తవ్వాలి. మా గోడౌన్‌లో ఉండే పిల్లి బుజ్జికి ఆ కొత్త సరుకు ఒక బాక్సులో పోసి పెట్టాను. వచ్చింది, అంచు మీద ముందు కాళ్లు రెండూ పెట్టింది, వాసన చూసింది, ఒక కాలు లోపల పెట్టి వెంటనే తీసి విదిలించింది, వెనక్కి తిరిగి నేరుగా వెళ్లి ఖాళీ గోనెసంచుల మీద పోసింది. నా వైపు ఒక చూపు కూడా చూసింది. మీ పిల్లి కూడా బాక్సు అంచు మీద నిలబడి చేస్తున్నా, కాళ్లు విదిలిస్తున్నా, చేశాక కప్పకుండా పరిగెత్తుకొచ్చేస్తున్నా అది లిట్టర్ నచ్చలేదనో బాక్సు నచ్చలేదనో చెప్తున్నట్టే, అక్కడ పట్టించుకోకపోతే తర్వాత డోర్‌మ్యాట్ మీదో ఉతకాల్సిన బట్టల మీదో పరుపు మీదో మొదలవుతుంది.

అంత తెలిసినా తిప్పి పంపడం ఈజీగా జరిగిందనుకోకండి. పంపేస్తే షెల్ఫ్ ఖాళీ, నా అమ్మకాల్లో ఎక్కువ భాగం ఈ సన్న లిట్టరే. సప్లయర్ రేటు తగ్గిస్తానన్నాడు, ఇంకా తగ్గిస్తానన్నాడు. షాపులో పనిచేసే కుర్రాడు "అక్కా, పాతది ఇంకా కొన్ని బస్తాలుంది కదా, సగం సగం కలిపేద్దాం, ఎవరికీ తెలీదు" అన్నాడు. వాడిని తిట్టలేదు, ఎందుకంటే ఆ ఆలోచన వాడికంటే ముందు నాకే వచ్చింది. కలిపి చూశాను కూడా, గడ్డ పర్లేదు, లావెండర్ వాసన కూడా సగం తగ్గింది, నిజంగానే మీలో చాలామందికి తెలిసేది కాదు. ఇంకో దారి, "ఈ బ్యాచ్ సెంటుది" అని స్టిక్కర్ అంటించి తక్కువకి అమ్మేయడం. సెంటు కావాలని అడిగేవాళ్లు లేకపోలేదు, వాళ్లకి ఇచ్చేస్తే పోయేదేముంది, అబద్ధం ఆడినట్టు కూడా కాదు. రాత్రి లెక్కలు వేసుకుంటూ కూర్చుని స్టిక్కర్ మీద ఏం రాయాలో కూడా రాసి పెట్టుకున్నాను. కానీ ఒకటి మాత్రం మింగుడు పడలేదు. పెద్ద షాపులో రంగురంగుల ప్యాకెట్లలో సెంటు లిట్టర్ కావల్సినంత దొరుకుతుంది, మీరు నా దగ్గరికి వచ్చేది అది కాదనుకునే కదా, నేనూ అదే అమ్మితే ఇక నేనెందుకు? పొద్దున్నే బండి పిలిపించి ఎక్కించేశాను, రానూపోనూ బాడుగ నాదే.

ఇది జరిగాక పాత కస్టమర్ ఒకావిడ "రేటు పెంచడానికి స్టాక్ దాచి డ్రామాలాడుతున్నారు" అని మెసేజ్ పెట్టారు. పేరు చెప్పను. చూస్తూ ఉంటారు కాబట్టి చెప్తున్నా, రేటు పెరగట్లేదు, డ్రామా లేదు, మీరు వేరే చోట తీసుకుంటానన్నారు, తీసుకోండి, గడ్డ పరీక్ష మాత్రం చేసి తీసుకోండి.

నెలవారీ డెలివరీ వాళ్లలో కొందరికి బస్తాలు నేను విప్పకముందే పొద్దున్నే వెళ్లిపోయాయి. వాళ్లకి ఫోన్ చేశాను, ఇంకా ఎవరైనా మిగిలితే లావెండర్ వాసన వస్తే చాలు, సగం వాడేసినా సరే తిరిగి తెచ్చేయండి, డబ్బులు కావాలన్నా కొత్త స్టాక్ కావాలన్నా మీ ఇష్టం. బిల్లు అడగను. అలా ఫోన్ చేసినప్పుడు ఒకాయన "మా మగ పిల్లి పదే పదే బాక్సులోకెళ్లి కూర్చుంటోంది, ఏమీ రావట్లేదు, మీ లిట్టర్ నచ్చలేదేమో" అన్నారు. లిట్టర్ సంగతి తర్వాత, ఇప్పుడే వెట్ దగ్గరికి పరిగెత్తండి అని చెప్పాను. మగ పిల్లులకి యూరిన్ దారి మూసుకుపోతే ఒకట్రెండు రోజుల్లో ప్రాణం మీదకొస్తుంది, ముక్కుతున్నా, అరుస్తున్నా, చుక్క చుక్కే వస్తున్నా, రక్తం కనపడినా మర్నాటికి వాయిదా వేయొద్దు. ఇలాంటప్పుడు లిట్టర్ మార్చి చూద్దాం అని కూర్చునేవాళ్లని చూస్తే నాకు భయం.

ఇప్పుడు కొత్త స్టాక్ గురించి. వేరే సప్లయర్ దొరికారు, శాంపిల్ గడ్డ పరీక్ష పాసయ్యింది, బుజ్జి కూడా పాస్ చేసింది. సెంటు లేదు. గింజ పాత దానికంటే కాస్త పెద్దది, డస్ట్ కొంచెం ఎక్కువ, అది నాకు నచ్చలేదు, వాళ్లకి చెప్పాను, జల్లించి పంపుతామన్నారు. పోసేటప్పుడు పై నుంచి కుమ్మరించకండి, బస్తా మూతి బాక్సుకి ఆనించి మెల్లగా వదలండి, అడుగున మిగిలిన పౌడర్ పారేయండి. తేదీ చెప్పమంటే చెప్పను, లోడ్ దిగి నేను బస్తాలు విప్పి చూశాకే మెసేజ్ పెడతాను.

ఒక్కసారిగా మార్చేయకండి. పాత దాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి, లేదంటే పక్కనే ఇంకో బాక్సులో కొత్తది పోసి పెట్టి దేనిలోకెళ్తుందో పిల్లినే తేల్చుకోనివ్వండి. లోతు మూడు అంగుళాలు ఉండాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆదా అని పల్చగా పోస్తారు చాలామంది, యూరిన్ నేరుగా ప్లాస్టిక్‌ని తాకి అడుగున అట్ట కడుతుంది, తర్వాత "లిట్టర్ మంచిది కాదు" అని నాకు ఫోన్. రోజుకి ఒకసారైనా తీయాలి, రెండుసార్లు అయితే ఇంకా మంచిది. పిల్లులు ఎన్నో దానికి ఒకటి ఎక్కువ బాక్సులు, అవి కూడా ఒకే మూల వరసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే బాక్సు. తిండి గిన్నె పక్కన పెట్టకండి, వాషింగ్ మెషీన్ పక్కన అసలే వద్దు.

మూత ఉన్న బాక్సులు ఎందుకు పెట్టరని అడుగుతుంటారు. పెట్టను. మూత కంపుని తీసేయదు, లోపల దాచి పెడుతుంది, ఆ లోపలికెళ్లేది పిల్లి, మనకేమో కనపడక రెండు రోజులు తీయడం మర్చిపోతాం. పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లుండే వెడల్పాటి టబ్ ఏదైనా చాలు, అది నా దగ్గర కొనాల్సిన పని కూడా లేదు.

బాక్సు కడగడానికి ఫినాయిల్ వాడేవాళ్లు దయచేసి ఆపండి, అందులోని ఫినాల్ లాంటి రసాయనాలని పిల్లి లివర్ సరిగ్గా బయటికి పంపలేదు, కాళ్లకి అంటిన దాన్ని నాక్కుంటుంది. టీ ట్రీ ఆయిల్ కూడా అంతే. బ్లీచ్ అయితే మీకే ప్రమాదం, యూరిన్‌లోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది. వేడినీళ్లు, ఘాటు లేని సబ్బు చాలు. బాక్సు బయట పోసిన చోట యూరిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ వేయాలి, మామూలు లిక్విడ్‌తో తుడిస్తే మన ముక్కుకి పోయినట్టుంటుంది, దానికి పోదు, మళ్లీ అక్కడికే వస్తుంది. కొట్టడం, ముక్కు రాయడం లాంటివి చేస్తే బాక్సు అంటేనే భయపడుతుంది. బాగా గీతలు పడిన పాత ప్లాస్టిక్ బాక్సు ఎంత కడిగినా వాసన వదలదు, మార్చేయండి.

ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే పిల్లిని ఎవరికో ఇచ్చేయాలని చెప్పేవాళ్ల మాట వినకండి. భయమంతా టాక్సోప్లాస్మా అనే, కడుపులో బిడ్డకి హాని చేయగల సూక్ష్మజీవి గురించే, దాని గుడ్లు పిల్లి పెంటలో బయటికొచ్చాక అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది, రోజూ తీసేస్తే ఆ అవకాశం బాగా తగ్గుతుంది, ఆ పని ఇంట్లో ఇంకొకరు చేస్తే సరిపోతుంది, ఎవరూ లేకపోతే గ్లౌజులు వేసుకుని చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గడ్డలు మాత్రం టాయిలెట్‌లో వేయొద్దు, పది రెట్లు ఉబ్బేది పైపులో కూడా ఉబ్బుతుంది.

ఈలోగా ఖాళీ అయిపోయినవాళ్లకి పైన్ పెల్లెట్లు (పైన్ చెక్క పొట్టుతో చేసే గింజలు) ఉన్నాయి, కొన్ని పిల్లులు ఆ పెద్ద గింజల మీద కాలు పెట్టవు కాబట్టి చిన్న ప్యాకెట్ తీసుకుని చూడండి. సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్ కూడా కొంచెం ఉంది, డస్ట్ తక్కువ, తేమ ఎక్కువుంటే పులిసిన వాసన వస్తుంది, త్వరగా మొత్తం మార్చాలి. కొత్త లోడ్‌కి పేరు రాయించుకునేటప్పుడు పిల్లులెన్నో, రెండు నెలల లోపు పిల్లలున్నాయో లేదో కూడా చెప్పండి, అవి లిట్టర్ తినేస్తుంటాయి కాబట్టి వాటికి గడ్డ కట్టని రకం విడిగా కట్టి పెడతాను.