ప్రతిజ్ఞలకు కొదవ లేదు, అవయవదానం ఆగిపోతున్నది ఐసీయూలో

సంపాదకులకు నమస్కారం.

అవయవదాన దినమైన ఆగస్టు 3 దగ్గరపడితే మన జిల్లాల్లో అవయవదానం మీద ర్యాలీలు, ప్రతిజ్ఞలు, పత్రికల్లో ఫొటోలు మామూలే. 1994లో అదే తేదీన ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే విజయవంతమైన తొలి గుండె మార్పిడి జరిగింది కాబట్టి ఆ రోజును ఎంచుకున్నారు. మంచిదే. కాని ప్రతిజ్ఞ కార్డు ఉన్న మనిషి ఇంట్లో మంచం మీద కన్నుమూస్తే దక్కేవి కళ్లు, మహా అయితే చర్మం. కిడ్నీలు, కాలేయం, గుండె కావాలంటే ఆ మనిషి ఐసీయూలో, వెంటిలేటర్ మీద, మెదడు పని శాశ్వతంగా ఆగిపోయిన బ్రెయిన్‌డెడ్ స్థితిలో ఉండాలి. దాన్ని నిర్ధారించే వైద్యులు అక్కడే ఉండాలి. ఎన్ని వేల ప్రతిజ్ఞలు పోగైనా ఈ మధ్య మెట్టు లేకపోతే ఒక్క కిడ్నీ కూడా చేతికి రాదు.

ఇది ఏ జిల్లాకైనా వర్తించే మాటే. శ్రీకాకుళానికి మాత్రం రెండింతలు వర్తిస్తుంది. కారణం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కనిపించే కిడ్నీ జబ్బు చాలామందిలో సుగరు లేకుండా, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండా, కాళ్లు వాయకుండానే ముదిరిపోతుంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరిగిందని తెలిసే సరికే కిడ్నీల పని దాదాపు సగం పోయి ఉంటుంది.

దేశంలో కిడ్నీ మార్పిడి ప్రధానంగా బతికున్న బంధువుల మీద ఆధారపడి నడుస్తోంది. 2023లో బతికుండగా అవయవం ఇచ్చినవారు 15,436 మంది, మరణానంతర దాతలు 1,099 మంది. బతికుండి ఇచ్చినవారిలో 9,784 మంది ఆడవాళ్లు. అంటే తల్లీ భార్యా అక్కా ఇస్తున్నారు, ఎక్కువగా మగవాళ్లు పుచ్చుకుంటున్నారు. ఉద్దానంలో ఆ దారి కూడా ఇరుకే. రోగి తాగిన బోరు నీళ్లే తల్లీ తాగింది, రోగి కూలికి వెళ్లిన కొబ్బరితోటకే అన్నా వెళ్లాడు. ఇవాళ మామూలుగా ఉన్న అన్న క్రియాటినిన్ పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అలాంటి ఇంటి నుంచి దాతను తీసుకోవాలంటే ఒక్క రక్తపరీక్ష చాలదు. కొన్ని నెలల తేడాతో రెండు మూడుసార్లు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి, స్కానింగులో కిడ్నీల పొడవు, ఏ కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే డీటీపీఏ స్కాన్, ఆ పైన కిడ్నీ రక్తనాళాలను చూపే సీటీ యాంజియో చూడాలి. ఇవన్నీ బాగున్నా దాత పాతికేళ్ల కుర్రాడైతే వైద్యులు తటపటాయించడం సబబే. అందుకే ఈ ప్రాంతానికి మరణానంతర దానం ఉదారతకు సంబంధించిన విషయం కన్నా అవసరానికి సంబంధించిన విషయం.

ఇక ఐసీయూ సంగతి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద హెల్మెట్ లేకుండా పడినవాళ్లు, బీపీతో మెదడులో నరం చిట్లినవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆసుపత్రులకూ వస్తూనే ఉన్నారు. వీరిలో కొందరికి ఊపిరిని నడిపే మెదడు కాండం పని పూర్తిగా ఆగిపోతుంది. అవయవదాన చట్టం ప్రకారం దాన్ని ధ్రువీకరించాల్సింది నలుగురు: ఆసుపత్రి బాధ్యుడైన వైద్యుడు, ప్రభుత్వం ఆమోదించిన జాబితా నుంచి ఒక నిపుణుడు, న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్, చికిత్స చేస్తున్న వైద్యుడు. న్యూరో డాక్టరు లేకపోతే మత్తు వైద్యుడు, ఫిజీషియన్, సర్జన్, ఐసీయూ నిపుణుడు, వీరిలో ఎవరైనా ఆ స్థానంలో సంతకం చేయొచ్చు. మార్పిడి బృందంలో మాత్రం ఉండకూడదు. ‘మా ఊళ్లో న్యూరాలజిస్టు లేడు కాబట్టి కుదరదు’ అనే సాకుకు చట్టంలో చోటు లేదు.

పరీక్షలకు ముందు ఒంటి వేడి 35 డిగ్రీల పైన ఉండాలి, మత్తుమందులు, కండరాలు సడలించే మందులు ఒంట్లో మిగిలి ఉండకూడదు, సోడియం, సుగరు మరీ అటూ ఇటూ కాకూడదు. తొందరలో తప్పు జరిగేది ఇక్కడే. తర్వాత కంటిపాప వెలుతురుకు ముడుచుకుంటోందా, కనుగుడ్డును దూదితో తాకితే రెప్ప కదులుతోందా, చెవిలో చల్లటి నీళ్లు పోస్తే కళ్లు కదులుతున్నాయా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తోందా అని వరుసగా చూస్తారు. చివరిది ఆప్నియా పరీక్ష. నూటికి నూరుపాళ్లు ఆక్సిజన్ ఇచ్చి, వెంటిలేటర్ తీసి, సుమారు ఎనిమిది పది నిమిషాలు ఛాతీని గమనిస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 60 దాటినా ఊపిరి తీసుకోకపోతే మెదడు కాండం పోయినట్టే. ఇదంతా కనీసం ఆరు గంటల ఎడంతో రెండోసారి చేయాలి. ఆప్నియాకు ముందూ వెనకా రక్తవాయువుల పరీక్ష తప్పనిసరి. ఆ యంత్రం ఉన్నా కార్ట్రిడ్జి అయిపోయి మూల పడి ఉంటే ధ్రువీకరణ అక్కడే ఆగిపోతుంది.

అసలు కష్టం ఆ ఆరు గంటల్లోనూ, ఆ తర్వాతి పన్నెండు గంటల్లోనూ ఉంది. మెదడు ఆగిపోగానే మూత్రాన్ని అదుపులో ఉంచే హార్మోను ఆగిపోతుంది. గంటకు మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు మూత్రం పోతుంది. దాన్ని పూడ్చకపోతే బీపీ పడిపోతుంది, సోడియం 155 దాటి కాలేయం పాడవుతుంది. ‘ఎలాగూ పోయిన కేసే కదా’ అని సిబ్బంది సెలైన్ సీసా మార్చడం మానేస్తే నలుగురైదుగురికి దక్కాల్సిన అవయవాలు తెల్లవారేసరికి పోతాయి. వైద్యవిద్యార్థులకు దీనికో సులువైన గుర్తు చెబుతారు: పై బీపీ 100, గంటకు మూత్రం 100 మిల్లీలీటర్లు, రక్తంలో ఆక్సిజన్ 100, హిమోగ్లోబిన్ లీటరుకు 100 గ్రాములు. దీనికి కావాల్సినవి ఆ హార్మోను లోటు తీర్చే వాసోప్రెసిన్, బీపీని నిలిపే నారడ్రినలిన్, వెచ్చటి దుప్పటి. వీటిలో ఏదీ జిల్లా ఆసుపత్రిలో దొరకని వస్తువు కాదు.

అవయవాలను అమర్చే సౌకర్యం లేకున్నా వాటిని తీసే కేంద్రంగా మాత్రమే నమోదు చేసుకునే వీలు ఉంది. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. శస్త్రచికిత్స బృందం విశాఖ నుంచి వస్తుంది. విజయనగరం విశాఖకు అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నూటపది. ఐసు పెట్టెలో కిడ్నీ ఒక రోజు పాటు నిలుస్తుంది, కాలేయం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. గుండెకు మాత్రం నాలుగు గంటలే వ్యవధి, దాని కోసమే రోడ్డు ఖాళీ చేయించే గ్రీన్ ఛానల్ హడావుడి. ఇవన్నీ వదిలేసి బ్రెయిన్‌డెడ్ మనిషినే అంబులెన్సులో విశాఖ తరలిస్తే దారిలో గుండె ఆగే ప్రమాదం ఎక్కువ.

ప్రమాదం కేసుల్లో పోలీసు పంచనామా, పోస్టుమార్టం తప్పవు. అవయవదానానికైతే సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయొచ్చని కేంద్రం 2021 నవంబరులోనే చెప్పింది. అయినా ప్రమాదం జరిగిన స్టేషన్ నుంచి ఎస్సై వచ్చేదాకా ఆగడం మానలేదు. ఆసుపత్రిలో ఉన్న అవుట్‌పోస్టు ద్వారా కూడా ఈ పని అడగొచ్చని 2014 నిబంధనల్లో ఉంది. రెండు జిల్లాల ఎస్పీలూ దీని మీద ఒక సర్క్యులర్ ఇస్తే చాలా గంటలు కలిసొస్తాయి.

కుటుంబం మాట. ‘గుండి కొట్టుకుంతంది గదా బాబూ, సచ్చిపోనాడంతారేటి?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పే తీరిక ఉన్న మనిషి ఐసీయూ బయట ఉండాలి. చావు కబురు, దానం అడగడం ఒకే నోట, ఒకే నిమిషంలో రాకూడదు. ముందు వైద్యుడు మరణవార్త చెప్పాలి. వాళ్లు దాన్ని జీర్ణించుకున్నాక అవయవదాన కోఆర్డినేటర్ వెళ్లాలి. బిల్లు సంగతి కూడా అప్పుడే స్పష్టం చేయాలి: దానం కోసం వెంటిలేటర్ మీద ఉంచినందుకు, అవయవాలు తీసినందుకు, తరలించినందుకు దాత కుటుంబం దగ్గర పైసా తీసుకోకూడదని నిబంధన. ఇది తెలియకే ‘డబ్బు కోసం పెట్టి ఉంచారు’ అన్న అనుమానం పుడుతోంది.

ఇక్కడ పత్రికలకూ ఒక మనవి. మీరు రాసే ‘జీవన్మృతుడు’ అనే మాట వినడానికి బాగుంటుంది గాని, ఇంకా కొంత ప్రాణం ఉందన్న అర్థమే ఇస్తుంది. చట్టం దృష్టిలో ఆ మనిషి మృతుడు. ‘కోమాలోకి వెళ్లి బ్రెయిన్‌డెడ్ అయ్యాడు’ అని కలిపి రాస్తే, కోమా నుంచి లేచిన పక్కూరి మనిషి గుర్తొచ్చి ఇంటివాళ్లు వెనకాడతారు. అయితే చట్టంలోనూ మెలిక ఉంది. బ్రెయిన్‌డెత్ నిర్వచనం అవయవదాన చట్టంలోనే ఉంది కాబట్టి దానం వద్దన్న కుటుంబం విషయంలో వెంటిలేటర్ ఏం చేయాలో వైద్యుడికి తోచదు. కేరళ 2020లో ధ్రువీకరణను దానం నుంచి విడదీసి ఉత్తర్వు ఇచ్చింది. మనకూ అలాంటిది కావాలి.

డయాలసిస్ మీద ఉన్నవారికి రెండు మాటలు. జీవన్‌దాన్ (మరణానంతర అవయవాలను కేటాయించే రాష్ట్ర పథకం) జాబితాలో రోగి నేరుగా చేరలేడు, మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే చేరాలి. డయాలసిస్ మొదలైన రోజే ఈ పని చూసుకోవాలి. హిమోగ్లోబిన్ తగ్గిందని అడిగి మరీ రక్తం ఎక్కించుకోవద్దు. ఎక్కించిన ప్రతి సీసాతో పరాయి కణజాలానికి ఎదురుతిరిగే యాంటీబాడీలు పెరగొచ్చు. రేపు కిడ్నీ వచ్చినా క్రాస్‌మ్యాచ్ (దాత, రోగి పొసగుతారా అని చూసే పరీక్ష) కుదరక వేరొకరికి పోతుంది. వీలైనంతవరకు రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్, ఐరన్ ఇంజెక్షన్లతో నెట్టుకురావాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాదాపు 240 కిలోమీటర్లు. పిలుపు అర్ధరాత్రి రావచ్చు, ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు.

మార్పిడి అయ్యాక కథ ముగిసిందనుకోవడం మరో పొరపాటు. మంచి కేంద్రాల్లో ఏడాది తర్వాత వందలో తొంభై కిడ్నీలు పనిచేస్తూనే ఉంటాయి. మరణానంతర దాత కిడ్నీ మొదటి వారం, రెండు వారాలు మొరాయించి డయాలసిస్ అవసరపడొచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సింది ఆ తర్వాతి నిర్లక్ష్యానికి. శరీరం కిడ్నీని తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసలోన్ మందులు జీవితాంతం వాడాలి. ఒళ్లునొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే కిడ్నీకి దెబ్బ. యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్, ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ టాక్రోలిమస్ మోతాదును రక్తంలో విషమయ్యేంత పెంచుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ దాన్ని పడగొడతాయి, అప్పుడు శరీరం కిడ్నీని తిరస్కరిస్తుంది. పెరట్లో కాసిందని పంపరపనస తిన్నా మందు మోతాదు పెరగొచ్చు. జ్వరం, మూత్రం తగ్గడం, రెండు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం, కిడ్నీ అమర్చిన చోట నొప్పి, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా ఆ రోజే క్రియాటినిన్ చూపించుకోవాలి.

టాక్రోలిమస్ ఎంత ఉందో తెలియాలంటే రాత్రి మాత్ర వేసిన పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర వేయకముందు రక్తం తీయాలి. కంచిలి మనిషి విశాఖ చేరేసరికి ఆ వేళ దాటిపోతుంది. దాటిందని భయపడి కొందరు మాత్ర మధ్యాహ్నం దాకా మానేస్తున్నారు, కొందరు వేసుకుని వెళ్లి తప్పుడు లెక్క తెచ్చుకుంటున్నారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. పొద్దున్నే అక్కడ ఊదా మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో రక్తం తీసి ఉంచితే సరిపోతుంది. చల్లగా ఉంచిన ఆ నమూనా కొన్ని రోజుల వరకు చెడదు. ఆ గొట్టాలను వారానికి రెండుసార్లు విశాఖ ల్యాబుకు చేర్చి, ఫలితం రోగి ఫోనుకు పంపే ఏర్పాటు చేయాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

ఇట్లు,
ఐసీయూ, కిడ్నీ విభాగాల్లో పనిచేసే కొందరు వైద్యులు,
శ్రీకాకుళం