పోకర్ వార్తల్లో ఓడినవాళ్ల లెక్క కూడా రాయండి

సంపాదకుడు గారికి,

లాస్‌వేగాస్‌లో ఏటా జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ వార్తల్లో రెండే అంకెలు కనిపిస్తాయి: ఎంతమంది ఆడారు, గెలిచినవాడికి ఎంత ముట్టింది. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ హాస్టళ్లలో కుర్రాళ్లు ఫోన్లలో చదివేది ఆ రెండే. మిగతా లెక్క రాయకపోతే అది వార్త కాదు, ప్రకటన అవుతుంది.

2024 ప్రధాన పోటీనే చూడండి. ప్రవేశ రుసుము 10,000 డాలర్లు, అంటే ఎనిమిది లక్షల రూపాయల పైమాటే. అందులో 700 డాలర్లు నిర్వహణ కింద ముందే పోయాయి. బహుమతులకు మిగిలింది 9,300. ఆడినవాళ్లు 10,112 మంది గనక నిర్వహణ వాటాయే 70 లక్షల డాలర్లు దాటింది. డబ్బు దక్కింది 1,517 మందికి. తక్కిన 8,595 మంది ఉత్త చేతులతో లేచారు. అన్నిటికన్నా చిన్న బహుమతి 15,000 డాలర్లు. అది మనవాడికి వచ్చినా అమెరికాలో 30 శాతం పన్ను పట్టుకుంటారు. విమాన ఛార్జీలు, గది అద్దె పోగా పెద్దగా ఏమీ మిగలదు.

ఇందులో ఒకసారి ఓడితే బయటికే. కాబట్టి 10,112 అంటే అంతమంది మనుషులు. చాలా టోర్నమెంట్లలో ఓడినవాళ్లు మళ్లీ డబ్బు కట్టి కూర్చోవచ్చు, ఒకడే మూడుసార్లు కడితే మూడు ఎంట్రీలు. ఎంట్రీలను ఆటగాళ్లుగా రాస్తే లేని పెరుగుదల కనిపిస్తుంది.

అసలు ఈ పోటీని పెంచింది ఆన్‌లైన్ శాటిలైట్లు, అంటే తక్కువ రుసుము కట్టి ఆడి పెద్ద పోటీలో సీటు గెలుచుకునే అర్హత పోటీలు. 2003లో క్రిస్ మనీమేకర్ 86 డాలర్ల శాటిలైట్‌తో సీటు సంపాదించి, 839 మంది ఆడిన పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడు 2,576 మంది వచ్చారు, 2006లో 8,773 మంది. ఆ అక్టోబరులో అమెరికా ఆన్‌లైన్ జూదం చెల్లింపులకు అడ్డుకట్ట వేసింది. 2007లో సంఖ్య 6,358కి పడిపోయింది.

శాటిలైట్ లెక్క తేలికే. కమిషన్ పక్కన పెడితే, పదిమంది వెయ్యేసి డాలర్లు వేస్తే ఒకరికి సీటు, తొమ్మిదిమందికి సున్నా. ఆ వెయ్యి కోసం దాని కింద మరో చిన్న శాటిలైట్. అక్కడ ఓడినవాళ్లెవరూ వార్తల్లో వచ్చే సంఖ్యలో ఉండరు. నష్టం ఎక్కువగా జరిగేది మాత్రం అక్కడే.

మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్ 2020 నుంచే నిషిద్ధం. 2025 నాటి కేంద్ర చట్టం అలాంటి ఆటల ప్రకటనలనూ నిషేధించింది. 'వేగాస్ సీటు' ఇస్తామనే విదేశీ సైటులో డబ్బు ఇరుక్కుంటే అడగడానికి ఇక్కడ మనిషే ఉండడు.

అందుకే ఇలాంటి వార్త వేసినప్పుడల్లా రుసుములో నిర్వహణ వాటా ఎంత, ఎంతమందికి డబ్బు దక్కింది, అన్నిటికన్నా చిన్న బహుమతి ఎంత, ఓడినవాళ్లు మళ్లీ చేరవచ్చా అన్నవి కూడా ఇవ్వండి. నాలుగు వాక్యాల చోటు చాలు. ఆన్‌లైన్ సీట్ల పేరుతో మోసపోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కిందే వేయండి.

— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం