మందు బిళ్ళలో ఏమేం కలిపారో మాకూ తెలియాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మీకు దగ్గర్లో మాత్రల స్ట్రిప్ ఏదైనా ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. మందు పేరు, అది ఎన్ని మిల్లీగ్రాములు ఉందో స్పష్టంగా ఉంటుంది. రంగు కోసం టైటానియం డయాక్సైడ్ వాడితే అదీ రాస్తారు. మిగతా సరుకంతా చాలా స్ట్రిప్‌ల మీద ఒక్క ముక్కలో తేలిపోతుంది: ‘ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్.’ ఎక్సిపియెంట్స్ అంటే అసలు మందుతో పాటు కలిపే ఇతర పదార్థాలు, క్యూ.ఎస్. అంటే తగినంత. తగినంత కలిపామని చెప్తున్నారు, బాగానే ఉంది. ఏం కలిపారో మాత్రం చెప్పరు.

నాకు సీలియాక్ వ్యాధి ఉంది. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్తే నా రోగనిరోధక వ్యవస్థే నా చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర పాడైతే పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ కూడా తగ్గిపోతుంది. అందుకే చాలామందికి పేగు కోలుకునేదాకా గ్లూటెన్‌తో పాటు లాక్టోజ్ కూడా పడదు; గ్లూటెన్ మాత్రం ఎప్పటికీ పడదు. పైగా సీలియాక్ ఉన్నవాళ్ళలో థైరాయిడ్ జబ్బులు మామూలు కంటే ఎక్కువ. జీవితాంతం రోజూ పొద్దున్నే మాత్ర వేసుకోవాల్సినవాళ్ళు మాలో తక్కువేమీ కాదు.

2019లో అమెరికా పరిశోధకులు వేల మాత్రలు, క్యాప్సూళ్ళ వివరాలు పరిశీలించారు. సగటున బరువులో నాలుగింట మూడు వంతులు అసలు మందు కాదు, కలిపిన పదార్థాలే. దాదాపు 45 శాతం మందుల్లో లాక్టోజ్ ఉంది. అసిడిటీకి వాడే ఒమెప్రజోల్ వేసుకున్న ఒక సీలియాక్ రోగి ఇంకా ఇబ్బంది పడటం, ఆ మాత్రలో గ్లూటెన్ ఉండొచ్చని తేలడం ఈ పరిశోధనకు కారణమైంది. కడుపు బాగుపడాలని ఇచ్చిన మందు అది!

అతిగా చెప్పి జనాన్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. లాక్టోజ్ పడనివాళ్ళలో ఎక్కువమంది ఒకేసారి 12 గ్రాముల దాకా తట్టుకుంటారు, ఒక మాత్రలో ఉండేది సాధారణంగా గ్రాములో కొంత భాగమే. మాత్రల్లో వాడే స్టార్చ్ కూడా ఎక్కువగా మొక్కజొన్నదో, బంగాళాదుంపదో అయి ఉంటుంది. కానీ ‘అయి ఉంటుంది’ అన్న మాట పట్టుకుని రోజూ మాత్ర మింగడం టెన్షన్‌తో కూడిన పని. అదే టెన్షన్‌తో కొందరు డాక్టరుకు చెప్పకుండా మందే మానేస్తారు. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే.

మందుల షాపులో అడిగితే, ‘కంపోజిషన్ ఒకటేనండీ, కంపెనీయే వేరు’ అంటారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకు కనిపించేదీ ఆ స్ట్రిప్పే. అసలు మందు ఒకటే అయినా ఒక కంపెనీ లాక్టోజ్ వాడొచ్చు, ఇంకో కంపెనీ మానిటాల్ వాడొచ్చు. తియ్యగా ఉండే ఈ మానిటాల్, అలాంటిదే సిరప్‌లలో వేసే సార్బిటాల్ ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో తెచ్చే పేగుల సమస్య) ఉన్నవాళ్ళకు కడుపుబ్బరం తేవచ్చు. కాబట్టి లాక్టోజ్ లేదంటే అందరికీ మంచిదని కూడా కాదు. నేను ఒకసారి ఒక కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి స్టార్చ్ దేనిదని అడిగాను. బ్యాచ్ నంబర్ రాసుకున్నారు, కనుక్కుని చెప్తామన్నారు. ఆ ఫోన్ ఇంతవరకూ రాలేదు.

ఇది చేయలేని పనేమీ కాదు. యూరప్‌లో లాక్టోజ్ ఎంత తక్కువ ఉన్నా మందుతో వచ్చే కాగితంలో చెప్పాల్సిందే. గోధుమ స్టార్చ్ వాడితే అందులో గ్లూటెన్ ఎంత ఉండొచ్చో కూడా రాయాలి. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఒక ముసాయిదా తెచ్చింది: గోధుమ, బార్లీ, రై నుంచి తీసినవేవీ లేకపోతే ఆ మాట లేబుల్ మీద రాయమని కంపెనీలకు సూచించింది. అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. మీరు తప్పనిసరి చేయాలని నా విన్నపం.

లాక్టోజ్‌ను నిషేధించమని అడగడం లేదు. కలిపిన ప్రతి పదార్థం పేరు, స్టార్చ్ అయితే ఏ గింజదో, ఏ దుంపదో రాయిస్తే చాలు. ఎంతెంత కలిపారో చెప్పక్కర్లేదు కాబట్టి ఫార్ములా రహస్యం బయటపడుతుందన్న అభ్యంతరానికి తావు లేదు. స్ట్రిప్ మీద చోటు లేదంటారా, క్యూఆర్ కోడ్ పెట్టించండి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ కోసం డబ్బాలో కాగితం ఉండనివ్వండి. కంపెనీ ఈ పదార్థాలను మార్చినప్పుడు ఆ సంగతి డబ్బా మీద కనబడాలి, ఎందుకంటే నిన్నటిదాకా పడిన మందు అదే పేరుతో రేపు పడకపోవచ్చు. డాక్టర్లు మందు రాసేటప్పుడే ‘లాక్టోజ్ లేనివి’, ‘గ్లూటెన్ లేనివి’ అని వెతుక్కునే జాబితా ఒకటి మీ శాఖ పెడితే మా తిరుగుడు చాలావరకు తగ్గుతుంది.

ఔషధ నియంత్రణ అధికారులతో మాట్లాడి, ఇందులో ఏది ఎప్పటిలోగా చేయగలరో బహిరంగంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక సీలియాక్ రోగి